రాళ్ళకుప్ప కాడి మైలేజీ

పెట్రోలు పోయించేటప్పుడు నేను ఎవ్వలతోని మాట్లాడేటోన్ని గాదు. ఫోను మోగినా మోగవలసిందే. దేవరకొండ బంకుల పనిచేసేటోళ్ళకు నా సంగతి ఎరికే. "నాగేందరన్న వచ్చిండు, జర సప్పుడు చెయ్యకుండ్రి" అని వాళ్ళల్ల వాళ్ళు నవ్వుకునేటోళ్ళు. నవ్వుకోనీ. పైపు ట్యాంకుల పెట్టినంక మొదటిసారి టక్కుమని ఆగుతది చూడుండ్రి, అక్కడికే ఆపిస్త. ఒక్క చుక్క మీద పోయనియ్య. మీటరు సున్నా చేసి, అప్పుడు కదుల్త. మళ్ళ ట్యాంకు నింపిననాడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, లీటరుకు ఎంతొచ్చిందో అక్కడికక్కడ నోటితోనే చెప్త.

ఇరవై ఒకటి. ఎప్పుడు చూసినా ఇరవై ఒకటి. మా దేవరకొండల కిరాయి కార్లు చానా ఉన్నయి గని, ఆ మాట గుండె మీద చెయ్యేసుకొని చెప్పేటోన్ని నేనొక్కన్నే. నాలుగేండ్ల కింద కొన్న తెల్లటి చిన్న కారు. "గా కారును చూసినట్టు నన్ను ఒక్కనాడన్న చూసినవా?" అని నా భార్య సుస్మిత దెప్పిపొడిచేది. చూడకేం? అప్పుడు ఆమెకు ఏడో నెల. పెండ్లయిన ఆరేండ్లల్ల రెండుమాట్ల కడుపొచ్చి, నిలువక పోయింది. ఇది మూడోది. డాక్టరమ్మ నా మొకం చూసి చెప్పింది: "నొప్పులు షురూ అయితే ఈడ ఆడ తిప్పకు. సీదా పాలమూరు తీసుకరా." పాలమూరంటే మాకు మహబూబ్‌నగరే. మా ఇంటికాడికెల్లి వంద కిలోమీటర్లు. అందుకే నా పానమంతా ఆ బండి మీదనే ఉండేది. నడుమ తొవ్వల అది మొరాయిస్తే నా గతేం గాను?

ఏప్రిల్ నెల మొదట్ల ట్యాంకు నింపిస్తే పద్నాలుగు వచ్చింది.

నేను నమ్మలే. మళ్ళ లెక్క కట్టిన. పద్నాలుగే. పంపుకాడ ఉన్నాయనతోని పావుగంట లొల్లి పెట్టుకున్న. పాపం, ఆయన తప్పేం లేదు. వారం దినాలు వేరే బంకుల పోయించి చూసిన. పదమూడు వచ్చింది.

కల్వకుర్తి రోడ్డు మీద నరేశ్ షెడ్డు ఉంటది. చిన్నప్పటి దోస్తు, మంచి మెకానిక్. బండి తీస్కపోయి వాని ముందట పెట్టిన.

"నడుపుడు మార్చినవా?" అన్నడు.

"నరేశూ, నా నడుపుడు గురించి మాట్లాడితే మంచిగుండది."

వాడు నవ్విండు. టైర్ల గాలి చూసిండు, సరిగనే ఉంది. గాలి ఫిల్టరు తీసి దులిపిండు, దుమ్మే లేదు. ప్లగ్గులు నాలుగు తీసి ఎండకు పట్టి చూసిండు. జాకీ పెట్టి బండి లేపి ఒక్కో చక్రాన్ని చేతితోని తిప్పిండు. బిరేకు పట్టేస్తే చక్రం ఆగుతది గదా. నాలుగు చక్రాలు గిర్రున తిరిగినయి. క్లచ్చి చూసిండు. మిషిను పెట్టి ఇంజనుల ఏమన్న తప్పుందా అని చదివిచ్చిండు. ఏం చూపెట్టలే. పొద్దుగూకేదాక బండి కింద పండుకొని, లేసి చేతులు తుడుసుకొని, "బండికి ఏ రోగం లేదురా. కొత్తగ ఏమన్న ఎక్కించినవా దీంట్ల?" అని అడిగిండు.

"ఏం లేదు," అన్న.

నిజంగనే నాకు యాదికి రాలే. ఒట్టు.

ఇగ ఆ తెల్లారినుంచి బండిల వాసన షురూ అయింది. తడిసిన గొంగడి వాసన. గొర్లకాపరులు భుజాన ఏసుకునే నల్ల గొంగడి ఉంటది గదా, వానకు తడిస్తే ముక్కు పగిలేటట్టు ఒక వాసనొస్తది. దాంతోని పసుపు వాసన. ఏప్రిల్ ఎండలు, రెండు నెలలాయె చినుకు పడక. అద్దాలు దించి రెండు దినాలు ఎండల నిలబెట్టినా ఆ వాసన పోలే.

తర్వాత బెల్టు మోగుడు. ముందటి ఎడమ సీట్ల మనిషి కూసొని బెల్టు పెట్టుకోకుంటే మా బండి టుంగు టుంగుమని మోగుతది. సీటు కింద బరువు కనిపెట్టే సామానేదో ఉంటదట. ఒకనాడు పగటిపూట ఒక్కన్నే వస్తున్న. టుంగు… టుంగు… టుంగు. పక్కకు చూసిన. సీటు ఖాళీ. సీటు మీద ఒక తువ్వాల కూడ లేదు. చేతితోని సీటును తట్టిన. ఆగలే. చిరాకు లేసి, ఆ ఖాళీ సీటుకే బెల్టు గుంజి పెట్టిన.

అప్పుడు ఆగింది.

సీటుకు బెల్టు బిర్రుగ ఆనుకోవాలె గదా. ఆనుకోలే. నడిమిట్ల, మనిషి కడుపు మీద ఉన్నట్టు, లేసి ఉంది. నేను మళ్ళ అటు దిక్కు చూడలే. ఇంటికొచ్చేదాక తొవ్వనే చూసుకుంట నడిపిన.

సుస్మితకు చెప్పలే. కడుపుతోని ఉన్న మనిషికి గిసొంటియి ఎట్ల చెప్తం? గని నేను చెప్పకున్నా ఆమెకే ఎరుకైంది. ఆ వారం చూపిచ్చుకునేటందుకు దవాఖానకు తీస్కపోయిన. ముందట్నే కూసున్నది. ఊరు దాటంగనే రెండు చేతులు ఒళ్ళె పెట్టుకొని, "ఇగో, నాకు ఒడంత బరువైతాంది," అన్నది.

"ఏడో నెల గదా, గట్లనే ఉంటది."

"కడుపు గాదు. ఒడి. ఎవలో తలకాయ పెట్టి పండుకున్నట్టుంది." జర సేపటికి ఆమె గొంతు మారింది. "బిడ్డ కదుల్తలేదు."

బండి ఆపి ఆమెను కిందికి దించిన. రోడ్డు పక్కన నిలబడి ఊపిరి తీసుకున్నదో లేదో, "ఆఁ, తన్నింది" అని నవ్వింది. కండ్లల్ల నీళ్ళు. మళ్ళ బండెక్కినంక దవాఖాన వచ్చేదాక బిడ్డ కదలలే. దిగినంక కదిలింది. మైలేజీ మన్నుల కలవనీ, ఆ బండిల ఏముందో తేల్చుకోవాలె అనుకున్న.

నరేశ్‌కు అంత చెప్పిన. వాడు నవ్వలే. వానికి అచ్చం నా అసొంటి కారే ఉంది, అదే కంపెనీ, అదే ఏడు కొన్నది. "రెండు బండ్లు కాంట ఎక్కిద్దాం పా," అన్నడు.

పత్తి మిల్లు పక్కన లారీలు తూకమేసే కాంట ఉంది. ఆడ కూసునేటాయన పరశురాం. "కార్లను తూకమేస్తరార? మీకేమన్న పిచ్చి లేసిందా?" అని నవ్వుకుంటనే మిషిను షురూ చేసిండు. ముందు నరేశ్ బండి. మనుషులం దిగినం, సంచులు తీసినం, ఖాళీ బండి. ఎనిమిదొందల ఎనభై కిలోలు. తర్వాత నా బండి. నేను దిగి దూరం జరిగిన.

తొమ్మిదొందల నలభై.

పరశురాం కిటికీలకెల్లి తల బయటికి పెట్టి, "లోపల ఉన్నాయన్ను దిగుమనుండ్రి," అన్నడు.

"లోపల ఎవరు లేరే."

"మరి గా ముందటి సీట్ల…" అని, కండ్లు నలుపుకొని మళ్ళ చూసిండు. ఎండ మంచిగ కొడుతాంది. మిల్లుల పత్తి బేళ్ళు దించుతున్న సప్పుడు ఇనొస్తాంది. మా ముగ్గురిల ఎవలం బండి కాడికి పోలే.

అరవై కిలోలు. సన్నటి మనిషి బరువు.

"గని అరవై కిలోలకే మైలేజీ గింత పడది," అన్నడు నరేశ్. వాడు గట్టోడు, భయమైనా లెక్క తప్పడు. "ఒక మనిషి ఎక్కితే లీటరు మీద ఒక కిలోమీటరు తగ్గుతదేమో. నీది ఎనిమిది తగ్గింది. బరువొక్కటే గాదు, ఏదో గుంజుతాంది."

అది ఎటు గుంజుతాందో చూద్దామని మరునాడు పొద్దున బయలెల్లినం. బండిల మీటరు ఉంటది, ఆ నిమిషానికి లీటరుకు ఎంతిస్తాందో చూపెడ్తది. కల్వకుర్తి దిక్కు తిప్పిన. ఇరవై. ఇరవై రెండు. ఇరవై ఆరు. "ఏందిరా, మంచిగైందా?" అన్న. నరేశ్ ఆ అంకెలనే చూస్తున్నడు. తొవ్వ సాపుగ ఉంది, ఎత్తు లేదు పల్లం లేదు. రెండు దిక్కుల ఎండిన చెలకలు, నల్లటి గుండ్లు. పన్నెండు కిలోమీటర్లు పోయినంక ఒక్కసారే పడ్డది. పదిహేను. పదకొండు. తొమ్మిది. ఇంజను మొత్తుకుంటాంది.

"తిప్పు," అన్నడు నరేశ్.

వాపసు తిప్పిన. వెంటనే ఇరవై ఎక్కింది. మళ్ళ అదే జాగ దాటంగనే, ఈసారి దేవరకొండ దిక్కు, తొమ్మిది. అటు పోయినా పడ్తాంది, ఇటు పోయినా పడ్తాంది. దాని దిక్కు పోతేనే పెరుగుతాంది. మూడోసారికి ఇద్దరికి జాగ దొరికింది. రోడ్డుకెల్లి ఒక మట్టిబాట లోపలికి చీలుతది. ఆ మూల మీద మోకాలంత రాళ్ళకుప్ప. ఆడ బండి ఆపిన.

టుంగు… టుంగు… టుంగు.

ఎడమ సీట్ల నరేశ్ ఉన్నడు. బెల్టు పెట్టుకొనే ఉన్నడు.

"ఈడేముందిరా?" అని గుసగుసగ అడిగిండు.

నాకు అప్పుడు యాదికొచ్చింది. ఇన్ని దినాలు ఎందుకు రాలేదో ఆ దేవునికే ఎరుక. నా తప్పు గనుక నేనే యాది చేసుకోలేదేమో.

ఆ మట్టిబాట మీద కిలోమీటరు పోతే చిన్న పల్లె వస్తది. మార్చి ఆఖరుల ఆడ ఎల్లయ్య అని గొర్ల కాసే పెద్దమనిషి సచ్చిపోయిండు. ఎండాకాలం గడ్డి ఉండదు గనుక ఊరి మగోళ్ళంత గొర్లను తోలుకొని కాలువల దిక్కు పోయిన్రు. పాడె మోసేటందుకు నలుగురు దొరకలే. ఎల్లయ్య కొడుకు మల్లేష్ ఒక్కడు ఫోనుకు అంది ఉరికొచ్చిండు. వాడు నాకు ఫోన్ చేసి, "అన్నా, మా నాయినను నీ కార్ల బొందకాడికి చేర్చు," అని ఏడ్చిండు. సరే అన్న. ఎనుక సీట్లు మడిచి, ముందటి ఎడమ సీటు పూర్తిగ ఎనుకకు వాల్చి, గొంగడిల చుట్టి పండబెట్టినం. పసుపు నీళ్ళకు గొంగడి తడిసి ఉంది. తలకాయ ముందటి సీటు మీదికొచ్చింది.

మా దిక్కు పీనుగను తీస్కపోయేటప్పుడు నడుమ తొవ్వల ఒక్కసారి కిందికి దించుతరు. దింపుడు కల్లం అంటరు. చెవుల మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తరు. పానం ఏ మూలనన్న ఉంటే లేస్తడేమో అని ఆశ. లేవకుంటే, ఇగ నీకు మాకు తెగింది, నీ తొవ్వ నీదని చెప్పి సాగనంపుడు. ఆ ఊరోళ్ళు ఆ రాళ్ళకుప్ప కాడ దించుతరు. ఆడోళ్ళు ఆడిదాకనే వస్తరు. ఎల్లయ్య భార్య లీలమ్మ, మోసే సత్తువ లేని ముసలోళ్ళు కొందరు ఎనుక నడిచొస్తున్నరు. బండి ముందే వచ్చేసింది. పొద్దు నడినెత్తి మీదుంది.

"ఆపన్నా, అమ్మ రానీ. ఈడ దించాలె," అన్నడు మల్లేష్.

ఆ దినం రెండు గంటలకు సుస్మితకు స్కానింగు ఉంది. గడియారం చూసుకున్న. నా నోటికి అడ్డం లేదు గదా, "తమ్మీ, అది మోసేటోళ్ళకు భుజాలు నొస్తయని పెట్టుకున్న రివాజు. కార్ల ఉన్నోన్ని దించుడేంది?" అన్న. ఆపలే. అద్దంల లీలమ్మ కనవడ్డది. చెయ్యి లేపి ఉరుకొస్తాంది. ఆ ముసలి కాళ్ళతోని ఉరుకొస్తాంది. నేను అద్దం దిక్కు చూసుడు బంద్ చేసిన.

ఇదంత ఇన్నంక నరేశ్ నా దిక్కు తిరిగిండు. "ఎంత పని చేసినవురా," అన్నడు. గంతే.

లీలమ్మ ఇంటికి నేనొక్కన్నే పోయిన. వాకిట్ల కూసొని ఉన్ని చిక్కు తీస్తాంది. నన్ను చూసి లేవలే. కాళ్ళ మీద పడ్డంత పని చేసిన.

"తప్పైంది అవ్వా. ఆయన నా బండిల్నే ఉన్నడు."

"ఎరికే బిడ్డా," అన్నది. ఒక్క తిట్టు తిట్టినా మంచిగుండు. "నీ మీద కోపం ఉండి గాదు. ఆయనకు తెల్వది. పిలిచి చెప్పకపాయె, ఎట్ల దిగుతడు? ఇల్లొస్తదేమో అని కూసున్నడు."

"మల్లేష్‌ను పిలిపియ్యి. వాడు పిలుస్తడు."

"వాడు గొర్లెంబడి ఏ కాలువ కాడున్నడో. ఫోను కలుస్తలేదు." ఉన్ని పక్కన పెట్టి నా కండ్లల్లకు చూసింది. "ఆపనియ్యనోనివి నువ్వే గదా. నువ్వే దించాలె. రేపు పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు ఆ కుప్పకాడ బండి ఆపి, ఆ తలుపు తెరిచి, మూడుసార్లు పేరు పెట్టి పిలువు. ఎవలను వెంట తీస్కపోకు. ఇంకొకటి… ఆడ నిన్నెవలన్న పిలుస్తరు. పలుకకు. రెండుసార్లు పిలిచినా, మూడుసార్లు పిలిచినా, నీ సొంత తల్లి గొంతయినా సరే. పలికినోడే ఆడ దిగి ఉండిపోతడు."

"పలుక," అన్న.

"అందరు గట్లనే అంటరు బిడ్డా," అన్నది లీలమ్మ.

తెల్లారి పన్నెండు కొట్టేసరికి కుప్పకాడ ఉన్న. చుట్టుపక్కల మనిషి లేడు, పిట్ట లేదు. రోడ్డు మీద ఒక్క బండి పోతలేదు. ఎండకు గుండ్లు కాలి కమురు వాసన. ఎడమ తలుపు తెరిచిన. తడి గొంగడి వాసన గుప్పున కొట్టింది. సీటు నడుమ లోతుగ గుంట పడి ఉంది.

"ఎల్లన్నా…"

ఏం లేదు.

"ఎల్లన్నా…"

టుంగు… అని ఒక్కసారి మోగి ఆగింది. నాకు భయమే గాదు, ఏడుపు కూడ వచ్చింది. ముసలామె ఉరుకొచ్చుడు కండ్లల్ల కనవడ్డది.

"ఎల్లన్నా, నన్ను మాఫ్ చెయ్యి. ఈడ దిగు. నీ తొవ్వ నీది."

సీటు మీది గుంట మెల్లగ… మెల్లగ పూడింది. బండి ఒక్కింత పైకి లేసింది, మనిషి దిగితే లేసినట్టు. నా పక్కకెల్లి తడి గాలి పోయింది. మట్టిబాట మీద దుమ్ము లేసి, అటు దిక్కు పోయింది. అయిపోయింది అనుకున్న. తలుపు ఏసిన. ఇటు తిరిగి నా సీటు దిక్కు నడిచిన.

"ఇగో…"

ఆగిన. సుస్మిత గొంతు. ఎనుకకెల్లి, రాళ్ళకుప్ప కాడికెల్లి.

సుస్మిత ఇంట్ల ఉంది. పన్నెండు కిలోమీటర్ల దూరంల ఉంది. నాకు తెలుసు. పండ్లు బిగవట్టి తలుపు మీద చెయ్యేసిన.

"ఇగో… ఇనొస్తలేదా…"

ఇనొస్తాంది. పలుక. పలుక.

"ఇగో! బిడ్డ… బిడ్డ కదుల్తలేదయ్యా!"

"ఆఁ! వస్తున్న!" అన్న.

నోట్లెకెల్లి మాట ఎట్లొచ్చిందో నాకే తెల్వది. గిర్రున తిరిగిన. కుప్పకాడ ఎవలు లేరు. ఎండ. రాళ్ళు. గంతే.

బండిల పడి ఫోను కొట్టిన. "నేనెందుకు పిలుస్త? అన్నం తింటున్న," అన్నది సుస్మిత. "బిడ్డేమో ఒకటే తన్నుడు. నువ్వెక్కడున్నవ్?" ఆ మాటకు నాకు పోయిన పానం తిరిగొచ్చింది. ఏం గాలే. భయపెట్టిండు, గంతే అనుకున్న. బండి తీస్తే దూదిలెక్క ఉరికింది. వాసన లేదు. మోగుడు లేదు.

తొవ్వల కాంట మీదికి ఎక్కించిన. పరశురాం కిటికీలకెల్లి అరిచిండు: "ఎనిమిదొందల ఎనభై! పోయిందిరా నాగేందర్, పీడ పోయింది!" బొటనవేలు లేపి చూపెట్టిండు. నేను సీట్ల కూసొనే చెయ్యి ఊపి, హారన్ కొట్టుకుంట ఇంటికి పోయిన. ఆ దినాలల్ల నా ఒంట్లె బరువే లేనట్టుండేది. మైలేజీ ఇరవై మూడు వచ్చింది. బంకుల నిలబడి నవ్విన. సుస్మితను పక్కన కూసోబెట్టుకొని ఊరంత తిప్పిన, బిడ్డ కడుపుల గంతులేసింది.

నెల తిరిగింది. ఎనిమిదో నెల నిండకముందే ఒకనాడు మూడుగంటల ఎండకు ఆమెకు నొప్పులొచ్చినయి.

"ఈ పరేషాన్ల నువ్వు నడుపకు. నేను నడుపుత," అని నరేశ్ స్టీరింగు కాడ కూసున్నడు. సుస్మితను ఎనుక సీట్ల పండబెట్టిన. నేను ముందు ఎడమ దిక్కు ఎక్కిన. బట్టల సంచి, నీళ్ళ క్యాను కాళ్ళకాడ పెట్టుకున్న. బండి కల్వకుర్తి తొవ్వ పట్టి పాలమూరు దిక్కు కదిలింది. పది కిలోమీటర్లు పోయినంక నరేశ్, "బెల్టు పెట్టుకోరా," అన్నడు. మళ్ళ తనే, "ఆగు. పెట్టుకోలేదుగదా, మరి మోగుతలేదేంది?" అన్నడు.

"ఖరాబైందేమో."

ఎనుకకు జరిగి సరిగ కూసున్న. మోగలే. ఒకసారి లేసి దబ్బున కూసున్న. మోగలే. కాళ్ళకాడి సంచి, క్యాను తీసి ఒళ్ళె పెట్టుకున్న.

టుంగు… టుంగు… టుంగు.

రెండు తీసి కింద పెట్టిన. ఆగింది.

మళ్ళ పెట్టిన. టుంగు. తీసిన. ఆగింది.

నరేశ్ నన్ను చూస్తలేడు. తొవ్వ చూస్తున్నడు. "నాగేందరూ," అన్నడు మెల్లగ, "ఆ దినం కాంట మీద ఎనిమిదొందల ఎనభై వచ్చిందన్నవ్. అప్పుడు నువ్వు బండి దిగినవా?"

దిగలే. నేను సీట్ల కూసొనే చెయ్యి ఊపిన. నా బరువు డెబ్బై రెండు కిలోలు. ఎనిమిదొందల ఎనభై అంటే ఉత్త బండి.

మీటరు మీద ఇరవై ఎనిమిది. ముప్పై. ముప్పై ఐదు.

"కాలు తీసిన," అన్నడు నరేశ్. "ఎక్సలేటరు మీంచి కాలు తీసిన. బండి ఉరుకుతనే ఉంది."

"బిరేకు తొక్కు."

"తొక్కే ఉన్న."

దూరంల రాళ్ళకుప్ప కనవడ్తాంది. ఎనుక సుస్మిత నొప్పితోని మూలుగుతాంది. అద్దాలు ఎక్కించే ఉన్నయి. అయినా ఇనొచ్చింది. రోడ్డు పక్కకెల్లి, కుప్ప దిక్కుకెల్లి, మంచిగ ఇనొచ్చింది.

"సుస్మీ…"

నా గొంతు. నేను తప్ప ఆమెను ఎవ్వలు గట్ల పిలువరు.

సుస్మిత మూలుగుడు ఆపింది. తల లేపింది. "ఇగో… నువ్వు ముందట్నే ఉన్నవ్ గదా?"

"పలుకకు," అన్న. "నీ కాళ్ళు మొక్కుత సుస్మీ, పలుకకు."

"సుస్మీ… నన్ను ఈడ్నే దించిపోయిన్రు… ఒక్కన్నే ఉన్న…"

ఆ గొంతుల ఏడుపు ఉంది. అది నా ఏడుపే. నేను ఏడిస్తే ఎట్లుంటదో నాకెరుక. సుస్మిత లేసి కూసున్నది. ఒకసారి కుప్ప దిక్కు చూసింది, ఒకసారి నా దిక్కు చూసింది. అంత నొప్పిల కూడ ఆమె కండ్లు నా సీటు మీదనే నిలబడ్డయి, సీటు నడుమ, గుంట పడవలసిన కాడ.

"బిడ్డ కదుల్తలేదు," అన్నది. తర్వాత మెల్లగ అడిగింది: "మీ ఇద్దరిల నేను ఎవలికి పలుకొద్దు?"

పిలుపు రెండుసార్లయింది. సుస్మిత కడుపు మీద చెయ్యి పెట్టుకొని, కిటికీ దిక్కు తిరిగి, మూడోదానికి ఎదురుచూస్తాంది.